పక్షుల కోసం మందులు మానేసిన తోట: ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఒక పూట

ఈసారి వీడియోలో పంట కన్నా పక్షులే ఎక్కువ కనిపిస్తాయి. అయినా చివరిదాకా చూడండి, మనకు పనికొచ్చే సంగతి అందులోనే ఉంది.

ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం చేరి, అక్కడి నుంచి పాల్వంచ, భద్రాచలం వైపు వెళ్తుంటే పత్తి, మిరప చేలు తగ్గుతూ టేకు, తునికి, ఇప్ప చెట్లు మొదలవుతాయి. కిన్నెరసాని అభయారణ్యం ఈ వైపే. ఆ అడవి అంచున ఒక రైతు తన రెండెకరాల తోటలో కొంత భాగం వలలు కట్టి సొంతంగా పక్షుల పార్కు పెట్టుకున్నారు. టికెట్ లేదు, బోర్డు లేదు. తెలిసినవాళ్లు ముందుగా ఫోన్ చేసి వస్తే చూపిస్తారు. పేరు, ఊరు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు.

మైసూరు దత్త పీఠంలోని శుకవనం 468 రకాల పక్షులతో 2017లో గిన్నిస్ రికార్డు కొట్టింది. దాని ముందు ఇది పెరటి గూడు లాంటిది. ఓ పదిహేను రకాలు ఉంటాయేమో. నీలం, పసుపు రంగుల మకావ్ జంట, ఒక ఆఫ్రికన్ గ్రే చిలక, సన్ కన్యూర్లు, కాక్‌టీల్స్, జావా పిచ్చుకలు, తెల్లటి వీపుతో సిల్వర్ ఫెజెంట్లు. కింద నేల మీద గిన్నీ కోళ్లు, కడక్‌నాథ్‌లు.

అరుదైన పక్షులు అంటాం కానీ ఈ మాటలో ఒక తిరకాసు ఉంది. సన్ కన్యూర్ మన నగరాల పెట్ షాపుల్లో మామూలుగా దొరుకుతుంది. దాని సొంత దేశాలైన గయానా, ఉత్తర బ్రెజిల్ అడవుల్లో మాత్రం అంతరించిపోయే స్థితిలో ఉంది. జావా పిచ్చుకదీ అదే కథ. ఒకప్పుడు ఇండోనేషియా వరి రైతులకు అది పెద్ద బెడద. పంజరాల కోసం పట్టి పట్టి అమ్మితే ఇప్పుడు అక్కడి పొలాల్లో దాన్ని వెతుక్కోవాల్సి వస్తోంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆయన జేబులోంచి ఒక పండు మిరపకాయ తీసి మకావ్‌కి ఇచ్చారు. అది కాలితో పట్టుకుని, గింజలు ఒక్కొక్కటిగా ఒలుచుకుని హాయిగా తింది. "మనకి కారం గానీ, దీనికి లడ్డూయే అన్నా" అని నవ్వారు. నిజమే. మిరపలోని క్యాప్సైసిన్ మన నోటిని మండిస్తుంది గానీ పక్షి నోటిని మండించదు. అడవి మిరపను పక్షులు తిని, రెట్టతో గింజలు దూరంగా వేస్తాయి. నమిలి గింజ పాడుచేసే జంతువులను కారం దూరంగా ఉంచుతుంది. మిరప పుట్టిందీ, మకావ్ పుట్టిందీ ఒకే ఖండంలో, దక్షిణ అమెరికాలో. రెండూ ఇప్పుడు ఖమ్మం దగ్గర మళ్లీ కలిశాయి.

కానీ ఆ మిరపకాయ ఆయన మార్కెట్లో కొన్నది కాదు. తేజ మిర్చికి పేరున్న ఖమ్మం మార్కెట్ పక్కనే ఉండగా పక్షులకు కాయలు కొనడం మానేసి ఆరేళ్లయిందట. "ఒకసారి బయట నుంచి తెచ్చిన పచ్చి మిరప, మొక్కజొన్న పెట్టిన. రెండ్రోజుల్లో నాలుగు కాక్‌టీల్స్ పోయినయి. పరీక్ష చేయించలేదు, మందు వల్లే అని నేను గట్టిగా చెప్పలేను. కానీ మిరపకి ఎన్నిసార్లు కొడతామో నాకు తెల్వదా? నేనే కొట్టినోణ్ని గదా" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు.

పక్షి ఊపిరితిత్తులకు గాలి సంచులు తోడుంటాయి, మన కంటే త్వరగా గాలిలోని విషాన్ని లాగేస్తాయి. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువు పసిగట్టడానికి 1986 దాకా కెనరీ పిట్టలను లోపలికి తీసుకెళ్లేవారు. సింగరేణి నేల మీద నిలబడి ఈ మాట చెప్తుంటే పక్కనున్న కుర్రాడు "అంటే మన పిట్టలు కూడా మందు మీటర్లే" అన్నాడు. ఇంట్లో నాన్‌స్టిక్ పెనం బాగా మాడినా ఆ పొగకు చిలకలు చచ్చిపోతాయి. పెంచేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అలా పక్షుల మేత కోసం మొదలైంది ఆయన ప్రకృతి వ్యవసాయం. ముందు పావెకరంలో కొర్ర, సజ్జ, మిరప. తర్వాత గట్ల మీద మునగ. పక్కనే పందిరి కూరగాయలు. ఇప్పుడు రెండెకరాల్లోనూ జీవామృతం, ఘనజీవామృతం, పురుగు వస్తే నీమాస్త్రం. వేప కొమ్మలు చిలకలకు కొరుక్కోవడానికి వేస్తారు. పక్షుల రెట్టను నేరుగా మొక్కకు వేయరు. అది వేడి ఎరువు, వేరు మాడుతుంది. ఎండుటాకులతో కలిపి కుప్ప వేసి, బాగా మాగాకే వాడతారు. గిన్నీ కోళ్లను ఉదయం తోటలోకి వదిలితే పురుగులు, గోమార్లు ఏరుకు తింటాయి. పాము కనబడితే ఊరంతా వినపడేట్టు అరుస్తాయి. అడవి పక్కన ఆ అరుపుకు విలువ ఉంది.

కష్టాలు తక్కువేమీ కాదు. ఎండాకాలం కొత్తగూడెం ఎండ సంగతి తెలిసిందే కదా. ఫెజెంట్లు నోరు తెరిచి ఒగరుస్తుంటే తాటాకు కప్పు వేసి, గోనె పట్టాలు తడిపి కడతారు. రాత్రి గుడ్ల కోసం పాములు, కోళ్ల కోసం అడవి పిల్లులు వస్తాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు నెలన్నర ఎవర్నీ లోపలికి రానివ్వలేదట. మేమూ గేటు దగ్గర చెప్పులు విప్పి, సున్నం నీళ్లలో కాళ్లు ముంచాకే లోపలికి వెళ్లాం.

"ఇది పెడితే లాభమా?" అని చాలామంది అడుగుతారు. నా మటుకు నేను వద్దనే చెప్తాను. ఈము కోళ్ల పిచ్చి గుర్తుందిగా? జంటలు అమ్మినవాళ్లు బాగుపడ్డారు, కొన్నవాళ్లు మేత పెట్టలేక వదిలేశారు. ఇక చట్టం సంగతి. మన రామచిలుక, గోరింక, మునియా, నెమలి లాంటివి పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. రామచిలుకను సంతలో ఎవరో అమ్మారు కదా అంటే చెల్లదు. మకావ్, ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ పక్షులను 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. టికెట్ పెట్టి జనానికి చూపించాలనుకుంటే ముందు అటవీ శాఖ దగ్గరకు వెళ్లి అన్నీ అడిగి తెలుసుకోండి. ఆయన కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టుకున్నారు, మేము అడగకముందే చూపించారు.

వీడియో తీస్తున్నంతసేపూ నా కళ్లు వల బయటికే పోయాయి. తీగ మీద పాలపిట్ట కూర్చుని మిరప చేలోకి దూకుతోంది, మిడతను పట్టి మళ్లీ పైకి వస్తోంది. దానికి ఎవరూ మేత పెట్టక్కర్లేదు. మందులు కొట్టినన్నాళ్లూ అది ఇటు రాలేదని ఆయన అన్నారు. గట్టు మీద టి ఆకారంలో కర్రలు పాతారు, రాత్రి గుడ్లగూబ వాలడానికి. ఎలుకల బెడద ఉన్నవాళ్లు ఈ రెండు రూపాయల పని వెంటనే చేసుకోవచ్చు.

ఆయనకు ఒక అవసరం ఉంది. పాత నాటు మిరప విత్తనం కావాలట, హైబ్రిడ్ వద్దట. మీలో ఎవరి దగ్గరైనా తరాలుగా కట్టుకున్న విత్తనం ఉంటే నాకు చెప్పండి, ఒక గుప్పెడు చాలు. ఆయనకు నేను చేరుస్తాను.