ముఖానికి సన్‌స్క్రీన్: గ్రాముల లెక్క చూడండి

మే నెల విజయవాడ ఎండలో స్కూటీ దిగి మందుల షాపుకెళ్తే సన్‌స్క్రీన్ ట్యూబులు వరుసగా కనిపిస్తాయి. చాలామంది చూపు ముందు ఎస్‌పీఎఫ్ అంకె మీదే పడుతుంది. కానీ సరిపడా పూసుకుంటే ఎస్‌పీఎఫ్ 30 యూవీబీ కిరణాలను దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98 శాతం. రోజువారీ వాడకానికి అంతకు మించిన అంకె కోసం డబ్బు పోయనక్కర్లేదు. చర్మాన్ని నల్లబరిచే యూవీఏ మాటేమిటి? దానికి ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ అని ఉందా, ‘పీఏ’ పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులున్నాయా చూడాలి.

మంగు మచ్చలున్నవారికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మేలు. మామూలు వెలుతురు నుంచీ అది కాపాడుతుంది.

అసలు పొరపాటు కొలతలో జరుగుతుంది. బఠాణీ గింజంత చాలదు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా గీసిన రెండు గీతలంత క్రీమ్ ముఖానికీ మెడకూ కావాలి. అంటే గ్రాము పైచిలుకు. రోజుకొక్కసారి పూసినా 50 గ్రాముల ట్యూబు నలభై రోజులకు అయిపోతుంది. అందుకే ధరను గ్రాములతో భాగించి చూడాలి. 450 రూపాయల 50 గ్రాముల ట్యూబు కంటే 400 రూపాయల 80 గ్రాములది నయం.

ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ పూసుకోండి.