అక్కచెల్లెళ్లలాంటి రెండు జ్వరాలు



వానాకాలం వచ్చిందంటే కృష్ణా తుంగభద్రల నడుమ మా గద్వాల నడిగడ్డలోనైనా, ఆ పక్క వనపర్తి, నాగర్‌కర్నూలులోనైనా కొత్తనీటితో పాటు జ్వరాలూ వస్తాయి. "టైఫాయిడ్ అట!" అనేసి ఊరుకుంటాం. నిజానికి అవి రెండు: టైఫాయిడ్, పారాటైఫాయిడ్. రెండింటి క్రిములూ సాల్మొనెల్లా కుటుంబానివే. సూక్ష్మదర్శినిలో కవలల్లా ఒకే పోలిక. మరి లాబొరేటరీవాళ్లు ఎలా పోల్చుకుంటారు? ముఖం చూసి కాదు, పనితీరు చూసి!

ముందు రోగి నెత్తురు తీసి, పోషక ద్రవం ఉన్న సీసాలో వేస్తారు. క్రిమి పెరగడానికి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పెరిగినదాన్ని చక్కెరలు, ఇనుప లవణం, రంగు కలిపి గడ్డకట్టించిన గొట్టంలో వేస్తారు. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపే అవుతుంది. మీకు తెలియంది కాదు. ఆ రంగూ అలాంటిదే. క్రిమి చక్కెరను పులియబెట్టగానే గొట్టం అడుగు పసుపుపచ్చగా మారుతుంది.

తేడా ఇక్కడే. పారాటైఫాయిడ్ 'ఎ' క్రిమి, పులిసిన దోసెపిండిలోలాగా బుడగలు పుట్టించి గడ్డను చీలుస్తుంది. టైఫాయిడ్ క్రిమి పులియబెడుతుంది గాని బుడగ రానివ్వదు. పైగా గంధకం ఇనుముతో కలిసి సన్నని నల్లచార తేలుతుంది. రెండోదాంట్లో సాధారణంగా ఆ నలుపుండదు. ఇంకో గొట్టంలో లైసిన్ అనే పదార్థం పెడితే టైఫాయిడ్ క్రిమి దాన్ని విడగొడుతుంది, రెండోది ముట్టదు. చివరికి సీరం పరీక్షతో ఖాయం చేస్తారు.

దీంతో మనకేం పనంటారా? హైదరాబాదు భారత్ బయోటెక్ వారి టైఫాయిడ్ టీకాను 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. మంచి టీకా. కానీ అది పారాటైఫాయిడ్‌ను ఆపదు. టీకా వేయించామని నీళ్లు కాచడం మానకూడదు.

ఇంకొకటి, నా తప్పే చెబుతాను. వనపర్తిలో మా తోడికోడలి కొడుక్కి జ్వరమొస్తే, ఇంట్లో మిగిలిన మాత్రలు నేనే రెండ్రోజులు వేయించాను. తరవాత నెత్తురు తీస్తే సీసాలో ఏమీ పెరగలేదు. క్రిమి దొరికితేగా ఏ మందుకు లొంగుతుందో చూసేది! ఏ జ్వరమో తేలక పిల్లవాడు మూడు వారాలు మంచం దిగలేదు.

అందుకని, పాత మాత్రలు పారేయండి. జ్వరం మూడు రోజులు దాటితే డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, మందు మొదలుపెట్టకముందే నెత్తురు తీయమని అడగండి. ఫలితం వచ్చేదాకా మందు ఆపాలో వద్దో ఆయనే చెబుతారు. నీళ్లు మరిగించండి, వంటకు ముందు చేతులు సబ్బుతో కడగండి.