డెక్సా గట్టిదంటుంది, ఎముక విరుగుతుంది

ఎముకలో ఖనిజం ఎంతుందో మామూలు ఎక్స్-రే చెప్పలేదు. ఫిల్ములో ఎముక పలచగా కనబడేసరికి దాదాపు మూడో వంతు పోయి ఉంటుంది. 1963లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జాన్ కామెరాన్, జేమ్స్ సోరెన్సన్ అయోడిన్-125 కిరణాన్ని ముంజేతి గుండా పంపి, అవతలికి ఎంత చేరిందో లెక్కపెట్టారు. మధ్యలో ఆగిన కిరణాన్ని బట్టి ఖనిజం లెక్క తేలింది.

వెన్నుకు ఈ ఉపాయం చాలలేదు. అక్కడ కండ, కొవ్వు ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటాయి. రెండు వేర్వేరు శక్తుల కిరణాలు పంపితే కండ వాటాను లెక్కలోంచి తీసేయొచ్చు. మొదట గడోలినియం-153 వాడారు. అది నెలల్లోనే నీరసించేది. 1987లో హోలాజిక్ కంపెనీ దాని బదులు ఎక్స్-రే గొట్టం పెట్టింది. అదే డెక్సా. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ టీ-స్కోరు (యువ వయసు ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5, అంతకన్నా తక్కువైతే బోలు ఎముకల జబ్బని గీత గీసింది. (క్యాంపుల్లో మడమకు పెట్టే అల్ట్రాసౌండ్ పరికరం వేరు. దాని అంకెకు ఈ గీత వర్తించదు.)

డెక్సా లెక్కపెట్టేది ఖనిజాన్నే, బలాన్ని కాదు. ఈ తేడా 1990లో బయటపడింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో బోలు ఎముకల జబ్బున్న స్త్రీలకు నాలుగేళ్లు రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఇచ్చి చూశారు. నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్ను విరుగుళ్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. చేతులు, కాళ్ల వంటి చోట్ల మాత్రం ఫ్లోరైడ్ తీసుకోని వాళ్లకంటే ఎక్కువగా విరిగాయి.

అక్కడ మందుగా ఇచ్చిన ఫ్లోరైడ్ ఇక్కడ కొన్ని ఊళ్ల బోరు నీళ్లలోనే ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌. మన దేశంలో దాన్ని వైద్యులు మొదట 1937లో ఆంధ్రలోని పొదిలి ప్రాంతంలో వివరించారు. అనంతపురం పీఠభూమిలోనూ అది పాత బాధే. వాన తక్కువ, బోర్లు లోతు, రాళ్లలోంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా.

ఇలాంటి ఊరి మనిషికి డెక్సాలో టీ-స్కోరు బాగా వస్తే నేనైతే సంబరపడను. వెన్ను పక్కన గట్టిపడిన స్నాయువుల సున్నాన్ని కూడా యంత్రం ఎముక ఖాతాలోనే వేస్తుంది. ఫ్లోరోసిస్ ఉందేమో తెలియడానికి ముంజేతికి మామూలు ఎక్స్-రే తీసి, రెండెముకల మధ్య పొర గట్టిపడిందేమో చూడాలి. అంతకంటే ముందు ఏ బోరు నీళ్లు, ఎన్నేళ్లుగా తాగుతున్నారో అడగాలి.