చాక్లెట్ పెట్టె నేర్పిన పాఠం

సెలవులలో పిల్లలకు ఇవ్వదగిన కానుకలలో ఇంట చాక్లెట్లు చేసుకొనే కిట్ ఒకటి. చాక్లెట్ పలక, అచ్చులు, రంగుకాగితాలు అందులో ఉంటాయి. మేమూ ఒకటి కొని, పిల్లలతో కూర్చున్నాము. వేడినీటిపై గిన్నె ఉంచి పలకను కరిగించాము. ఇంతలో మా చిన్నమ్మాయి తడి గరిటెతో కలిపింది. నాలుగు చుక్కల నీటికే చాక్లెట్ అంతా ముద్దకట్టింది. అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకొన్నది. మేము ఆ ముద్దలో వేడిపాలు పోసి కలిపి, అందరికీ తలొక గ్లాసు ఇచ్చాము. తప్పును దిద్దుకోవచ్చునన్న సంగతి ఆనాడు పిల్లలకు తెలిసింది.

కొనేముందు పెట్టెపై వివరాలు చదవడం మంచిది. 'కాంపౌండ్' అని ఉంటే, కోకో వెన్నకు బదులు ఇతర నూనెల కొవ్వు వాడినట్లు. అది కరిగించి పోస్తే చాలు. అసలు చాక్లెట్‌లోని కోకో వెన్న సుమారు 34 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. అందుకే అది మన ఎండలకు నిలువదు. జీడిపప్పు, వేరుశనగ పడని పిల్లలుంటే మరింత జాగ్రత్త అవసరం. పొయ్యి, ఆవిరి పెద్దల బాధ్యత. అచ్చులు నింపడం పిల్లల హక్కు.

గోదావరి జిల్లాల కొబ్బరితోటలలో కోకో అంతరపంటగా పండుతున్నది. చాక్లెట్ చేతిలో పెట్టేటప్పుడు ఆ రైతు శ్రమను కూడా పిల్లలకు చెబుదాము.