ముప్పది నెలల గడువు

ఆలేరు ప్రాంతమున పోచంపల్లి పట్టుచీరలు నేయు ఇండ్లలో, దారము మగ్గమెక్కకమునుపే దానిని అర్ధచంద్రాకారముగ నిలిపిన మేకులచుట్టును త్రిప్పు పనిని ఆసుపోయుట యందురు. ఒక్క చీరకు సుమారు 9,000 మారులు చేయి అటునిటు ఆడవలసి యుండుటచే తల్లి లక్ష్మి భుజపుటెముకలు నొచ్చి బాధపడుట చూడలేక, చిన్ననాడే బడి మానిన చింతకింది మల్లేశము ఏండ్లతరబడి శ్రమించి, 1999లో ఆ పని చేయు యంత్రమును పూర్తిచేసి, దానికి తల్లి పేరే పెట్టెను.

ఇట్లు ఏ సంస్థ అండయు లేక యంత్రములు కూర్చువారు మనలో నేటికిని గలరు. అట్టివాడు విదేశములందును తన సాధనముపై హక్కు కోరినయెడల, ప్రపంచమంతటను చెల్లు పేటెంటొకటి యున్నదను భ్రమను ముందుగ విడువవలెను. ఏ దేశపు పేటెంటు ఆ దేశపు ఎల్లలలోనే చెల్లును. దేశదేశమునకును వేరు రుసుము, వేరు న్యాయవాది, జపాను, చైనాల వంటిచోట్ల ఆ దేశభాషలోనికి అనువాదము: ఈ భారమునంతటిని ఒక్కమారుగ నెత్తిన వేసికొని చితికిపోవుటకంటె, దానిని వాయిదా వేయు ఉపాయము నెరుగుట మేలు.

1970లో వాషింగ్టనున కుదిరి, 1978లో అమలునకు వచ్చి, 1998 డిసెంబరు 7న భారతదేశము చేరిన పేటెంటు సహకార ఒడంబడికయే ఆ ఉపాయము. అది పేటెంటు నీయదు; ఆలోచించుకొను గడువు నిచ్చును. మన పరిశోధకుడు ఒక జనవరి 10న, తెలుగు రాష్ట్రములు రెండింటికిని వర్తించు చెన్నై పేటెంటు కార్యాలయమునకు ఆన్‌లైనులో 1,600 రూపాయలు చెల్లించి, తాత్కాలిక వివరణపత్రముతో దరఖాస్తు పెట్టెననుకొందము. మరుసటి జనవరి 10 లోపల ఇచ్చట సంపూర్ణ వివరణపత్రమును, దానితోపాటు అంతర్జాతీయ దరఖాస్తును దాఖలు చేసినచో, మొదటి తేదీయే అతనికి ప్రాధాన్యమును నిలుపును. పిమ్మట ఒక్కొక్క దేశము తలుపు తట్టుటకు పెక్కుచోట్ల మొదటి తేదీనుండి 30 నెలల వ్యవధి, అనగా ఆపై యేటి జూలై 10 వరకు, కలదు.

జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థకు చెల్లవలసిన దాఖలు రుసుము 1,330 స్విస్ ఫ్రాంకులు. భారత పౌరుడై ఇచ్చటనే నివసించు వ్యక్తికి అందులో 90 శాతము తగ్గింపు కలదు. ఈ సంగతి తెలియకయే వెనుదీయువారిని తలచుకొన్నప్పుడు నాకు నిజముగ బాధ కలుగును. అయితే దరఖాస్తుదారులందరును అట్టి వ్యక్తులే కావలెను. మొగమాటమునకు ఒక కంపెనీ పేరు ప్రక్కన చేర్చినచో తగ్గింపు పోవును. 2013 అక్టోబరునుండి మన పేటెంటు కార్యాలయమే అంతర్జాతీయ శోధనయు చేయుచున్నది. వ్యక్తులకు రుసుము 2,500 రూపాయలు. ఇట్టి పని ఇదివరకే ఎచ్చటనైన జరిగినదా యని ఆ శోధన నివేదిక తెలుపును. అది ప్రతికూలమైనచో, లక్షలు వెచ్చింపకమునుపే ఆగిపోవచ్చును.

పొదుపు చేయరానిచోటు ఒకటి కలదు: అది హక్కులను నిర్వచించు క్లెయిముల రచన. ‘24 ఇనుపమేకులు గల చట్రము’ అని వ్రాసినవాని హక్కును, 26 కొయ్యమేకులు నాటిన పొరుగువాడు సులువుగ తప్పించుకొనును. మేకుల సంఖ్యను గాక, దారమును వానిచుట్టును నడపు విధానమును పట్టి వ్రాసినవాని హక్కు అంత సులువుగ జారిపోదు. ఈ కొద్ది వాక్యములకైనను అనుభవజ్ఞుడైన పేటెంటు ఏజెంటుకు రుసుమిచ్చుట సముచితము. తక్కిన వివరణ, చదివినవాడు యంత్రమును నిర్మించుకొనగలిగినంత సంపూర్ణముగ నుండవలెను గాని, అనవసర విస్తరము వలదు. మన కార్యాలయమున 30 పుటలు దాటిన ప్రతి పుటకును, పది క్లెయిములు దాటిన ప్రతి క్లెయిమునకును అదనపు రుసుము కలదు.

దరఖాస్తు పడకమునుపు యంత్రమును ప్రదర్శనలో పెట్టుటయు, పత్రికకు వెల్లడించుటయు ప్రమాదకరము. నూతనత్వము పోయిన పిదప పెక్కుదేశములు హక్కు నీయవు. మరియు భారతదేశవాసి ఇచ్చట దరఖాస్తు పెట్టి ఆరువారములు గడువకయో, పేటెంటు కార్యాలయపు అనుమతి పొందకయో విదేశమున దరఖాస్తు పెట్టరాదు. పేటెంటు చట్టపు 39వ సెక్షనులోని ఈ నిబంధనను మీరినవానికి జైలుశిక్షయు పడవచ్చును.

ఇక దేశముల యెంపిక. పోచంపల్లి చీరలవంటి ఇక్కత్ నేతకు ఉపకరించు యంత్రమునకు నార్వేలో పేటెంటు ఎందులకు? ‘ఇక్కత్’ అను మాట పుట్టిన ఇండోనేషియాలో ఆ నేత నేటికిని జీవించియున్నది; అయితే అచ్చటి పద్ధతికి మన యంత్రము సరిపడునో లేదో ఇంట కూర్చుండి చెప్పజాలము. దరఖాస్తులో వర్ణించినదానిని ఇక చూపుటకు భయము లేదు గనుక, ఆ 30 నెలలలో ఒక నమూనాను అచ్చటికి పంపి, నేతగాని చేతికిచ్చి, దారము తెగుచున్నదా యని అడిగి తెలిసికొనవచ్చును.