పేరుకు అనావశ్యకం, పనికి అవసరం

రాయవరంలో గాని, మరే ఊళ్లో గాని పాల కేంద్రం దగ్గర మనం అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: వెన్న ఎంత వచ్చింది? ఆ పక్కనే వ్రాసే ఎస్.ఎన్.ఎఫ్. అంకెను అంతగా పట్టించుకోము. పాలలోని మాంసకృత్తులు ఉండేది ఆ లెక్కలోనే. వాటిలో అధిక భాగం కేసీన్. పాలు తోడుకుని పెరుగుగా గట్టిపడేది దానివల్లనే. ఈ కేసీన్‌లో సుమారు ఐదవ వంతు గ్లుటామిక్ ఆమ్లం.

మాంసకృత్తులు గోడలైతే, అమైనో ఆమ్లాలు ఇటుకలు. ఇవి 20 రకాలు. 9 రకాలను మన శరీరం తయారు చేసుకోలేదు. ఆహారం నుండే రావాలి. ఇవి ఆవశ్యకమైనవి. తక్కినవాటిని అనావశ్యకమైనవంటారు. గ్లుటామిక్ ఆమ్లం ఈ రెండవ జాబితాలోనిది. అంటే శరీరానికి అక్కరలేదని కాదు. శరీరమే చేసుకోగలదని మాత్రమే అర్థం. మెదడులో నరాల మధ్య వార్తలు మోసేది ఇదే. విషతుల్యమైన అమ్మోనియాను పట్టి, హాని లేకుండా చేసేది కూడా ఇదే.

దీనికి మన గోదావరి సీమతో సంబంధమున్న కథ కూడా ఉంది. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో గోదావరికి అవతల భీమవరంలో జన్మించారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే దీర్ఘకాల విరేచనాల వ్యాధితో మరణించారు. తరువాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ చికిత్సలో అది ఉపయోగపడింది. ఆ ఫోలిక్ ఆమ్లం నిర్మాణంలో ఒక భాగం మన గ్లుటామిక్ ఆమ్లమే.

అయితే ఇటుక చేసుకోగలిగిన శరీరం ఈ కట్టడాన్ని కట్టుకోలేదు. ఫోలిక్ ఆమ్లం బయటి నుండే అందాలి. లోపిస్తే రక్తహీనత వస్తుంది. గర్భం దాల్చిన తొలి వారాలలో తక్కువైతే బిడ్డ వెన్నుపాము సరిగా ఏర్పడకపోవచ్చు.

పాల సంఘం వాళ్లం గనుక అన్నిటికీ పాలే చాలునని చెప్పబోము. పాలలో ఫోలిక్ ఆమ్లం స్వల్పం. అది ఆకుకూరలలో, పప్పులలో బాగా ఉంటుంది. కూర ఉడికించిన నీరు పారబోస్తే కొంత పోతుంది. గర్భిణులు, గర్భం కోరుకునేవారు డాక్టరు సలహాపై ఫోలిక్ ఆమ్లం మాత్రలు తప్పక వాడాలి.

ఇక పాల వంతు: ఆ 9 ఆవశ్యక అమైనో ఆమ్లాలూ పాలలో ఉన్నాయి. గ్లాసు గేదె పాలలో సుమారు 7, 8 గ్రాముల మాంసకృత్తులుంటాయి. కనుక సభ్యులకు మా మనవి: కేంద్రానికి బిందె ఎత్తే ముందు పిల్లలకు, గర్భిణికి తలా ఒక గ్లాసు తీసి ఉంచండి. ఆ గ్లాసు పాల ఖరీదు పాసుపుస్తకంలో కనబడదు. పిల్లల ఎదుగుదలలో కనబడుతుంది.