ఎర్ర గుట్టల్లో బంగారం ఉందా? వేడినీళ్లు వండిన రాయి కథ

పోయిన ఎపిసోడ్‌లో మదీనా వైపు దారిలో కనిపించే రంగురంగుల గుట్టల గురించి మాటల్లో మాట వచ్చింది. ఆ తర్వాత వాయిస్ మెసేజ్‌లు ఆగలేదు. చాలామంది అడిగింది ఒకటే. "అన్నా, మా క్యాంపు దగ్గర ఒకతను మెరిసే రాయి అమ్ముతున్నాడు. లోపల బంగారం ఉందంటున్నాడు. తీసుకోవచ్చా?" ఒక తమ్ముడైతే నలుగురు కలిసి పైసలు పోగు చేస్తున్నాం అని రాయి ఫోటో కూడా పంపాడు.

జవాబు ముందే చెప్పేస్తా: వద్దు. ఎందుకు వద్దో అర్థం కావాలంటే అసలు బంగారం రాయిలోకి ఎట్లా వస్తుందో, కంపెనీలు దాన్ని ఎట్లా వెతుకుతాయో తెలియాలి. ఎపిసోడ్‌లో టైం చాలలేదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నా. నేను జియాలజీ చదవలేదు, ఐటీఐ చేసినవాణ్ణి. కానీ కంకర క్వారీలు, డ్రిల్లింగ్ సైట్ల దగ్గర పని చేస్తూ ఇంజనీర్లను అడిగి, చదివి తెలుసుకున్నాను.

మొదట ఒక తేడా పట్టుకోండి. మదీనా చుట్టుపక్కల నల్లటి రాళ్ల మైదానాలు చూసి ఉంటారు, ఇక్కడివాళ్లు హర్రా అంటారు. అది కూడా అగ్నిపర్వతం రాయే. 1256లో మదీనా దగ్గరే లావా పొంగింది. కానీ అక్కడ ఎవరూ బంగారం వెతకరు. ఎందుకంటే అది తాజా రాయి. పొంగింది, చల్లారింది, అంతే. దాని మీద ఇంకే పనీ జరగలేదు.

సౌదీ పడమటి భాగమంతా దానికింద ఉన్నది వేరే రాయి. అరేబియన్ షీల్డ్ అంటారు. చాలావరకు 55 కోట్ల నుంచి 90 కోట్ల ఏళ్ల నాటిది. అప్పట్లో సముద్రంలో అగ్నిపర్వతాల దీవులు వరసగా ఉండి, ఒకదానికొకటి గుద్దుకుని అతుక్కుంటే ఈ నేల తయారైంది. ఆ పాత లావాలో, బూడిద రాయిలో కొన్ని చోట్ల వేడినీళ్లు తిరిగాయి. బంగారం, రాగి, జింకు వెతికేవాళ్లకు కావాల్సింది ఆ చోట్లే.

వేడినీళ్లు అంటే మామూలు వేడి కాదు. వాన నీళ్లో సముద్రం నీళ్లో పగుళ్లలోంచి లోపలికి దిగుతాయి. కింద కరిగిన రాయి కాక తగిలి రెండు మూడు వందల డిగ్రీలకు ఎక్కుతాయి. అంత వేడిలో కూడా మరగవు, పైనున్న రాయి బరువు వల్ల ఒత్తిడి ఎక్కువ. మన ప్రెషర్ కుక్కర్ సంగతే. ఆ నీళ్లలో ఉప్పు ఉంటుంది, గంధకం గ్యాసు ఉంటుంది. రాయి నుంచి కొంచెం కొంచెంగా లోహాలను లాక్కుంటాయి. రాగి, జింకు, సీసాన్ని ముఖ్యంగా ఉప్పు మోస్తుంది. బంగారాన్ని ముఖ్యంగా గంధకం మోస్తుంది.

ఇప్పుడు పగులు పైదాకా తెరుచుకుందనుకోండి. కుక్కర్ మూత ఒక్కసారి తీసినట్టే. ఒత్తిడి పడిపోతుంది, నీళ్లు భగ్గున మరుగుతాయి, గంధకం గ్యాసు ఆవిరితో పాటు లేచిపోతుంది. మోసేవాడు పోతే బంగారం నిలబడలేదు, అక్కడే రాలిపోతుంది. దాంతోపాటు పలుగురాయి కూడా పగుళ్లలో పేరుకుంటుంది. తెల్లటి పలుగురాయి తీగల్లో బంగారం దొరకడానికి ఒక కారణం ఇది. కానీ పలుగురాయి కనిపించిన ప్రతిచోటా బంగారం ఉండదు, చాలా తీగలు ఉత్తవే.

నీళ్లు లోహాన్ని వదిలి ఊరికే పోవు, దారిలో ఉన్న రాయిని కూడా మార్చేస్తాయి. ఈ మార్పే అసలు ఆనవాలు. తీగ నుంచి దూరంగా, నీళ్ల పని తక్కువగా జరిగిన చోట నల్లటి గట్టి రాయి పచ్చబారుతుంది, అక్కడక్కడ పిస్తా రంగు తిరుగుతుంది. ఇంకొంచెం దగ్గరికి వస్తే రాయి వెలిసిపోతుంది, సుద్దలాగా మెత్తబడుతుంది, గోరుతో గీకితే పొడి రాలుతుంది. నడిమధ్యలో పలుగు ఎక్కి రాయి మళ్లీ గట్టిపడుతుంది. చుట్టూ ఉన్న మెత్తటిది కొట్టుకుపోయినా ఆ గట్టిది గోడలా నిలబడి ఉంటుంది. అన్నిచోట్లా ఇంత శుభ్రంగా వరస కుదరదు, ఒకదాని మీద ఒకటి కలిసిపోతాయి. అయినా జియాలజిస్ట్ సుత్తి పట్టుకుని గుట్ట ఎక్కినప్పుడు చూసేది ఈ రంగుల వరసనే, మెరుపుని కాదు.

ఎరుపు ఎక్కడిదంటారా? వేడినీళ్లు తిరిగిన రాయిలో పైరైట్ బాగా పేరుకుంటుంది. ఇనుము, గంధకం కలిసిన ఖనిజం అది, పసుప్పచ్చగా మెరుస్తుంది. గాలి, తేమ తగిలితే గంధకం ఆమ్లంగా మారి పోతుంది, ఇనుము తుప్పుగా మిగులుతుంది. కింద ఖనిజం గుట్టగా ఉంటే పైన మందంగా తుప్పు టోపీ పెట్టినట్టు కనిపిస్తుంది. దీన్ని గోసాన్ అంటారు. తేలిగ్గా, తేనెపట్టులా తూట్లు తూట్లుగా ఉంటుంది. జింకు చాలావరకు కరిగి కొట్టుకుపోతుంది. రాగి కొంత మిగిలితే ఇత్తడి చెంబు మీద చిలుము పట్టినట్టు పచ్చటి మరక కనిపిస్తుంది. బంగారం మాత్రం అంత తేలిగ్గా కరగదు, ఆ తుప్పులోనే ఉండిపోతుంది. అందుకే పాతకాలం వాళ్లు ముందు టోపీనే తవ్వుకున్నారు.

మహ్ద్ అద్ దహబ్ పేరు చాలామంది విని ఉంటారు. అర్థం బంగారు ఊయల. మదీనాకు ఆగ్నేయంగా ఉంది. అబ్బాసీల కాలంలో కూడా అక్కడ గట్టిగా తవ్వారు. లక్షల టన్నుల తవ్విపోసిన రాయి అట్లాగే మిగిలిపోయింది. 1931లో కార్ల్ ట్విచెల్ అనే అమెరికన్ ఇంజనీర్ రాజు అబ్దుల్ అజీజ్ కోసం నీళ్లు, ఖనిజాలు వెతకడానికి వచ్చాడు. ఆయన పని నుంచే ఇక్కడ మళ్లీ గని మొదలైంది. 1939 నుంచి 1954 దాకా నడిచిన ఆ గనిలో సుమారు 24 టన్నుల బంగారం తీశారు. పాతవాళ్లు పారేసిన రాయిని కూడా మళ్లీ ఆడించి బంగారం లాగారు. 1988లో మళ్లీ తెరిచారు. అక్కడ బంగారం పలుగురాయి తీగల్లో ఉంటుంది, తోడుగా వెండి, రాగి, జింకు, సీసం. నేను పైన చెప్పిన మరిగిన నీళ్ల కథ అదే.

దానికి కొంచెం దూరంలోనే ఉన్న జబల్ సయీద్ వేరే రకం. అది రాగి గని, సముద్రం అడుగున తయారైంది. సముద్రం నేల మీద పగుళ్లలోంచి మూడు వందల డిగ్రీల పైన వేడి నీళ్లు ఎగజిమ్ముతాయి. చల్లటి సముద్రం నీళ్లు తగలగానే లోహాలన్నీ నల్లటి పొగలా రాలి కుప్ప పడతాయి. ఇది ఊహ కాదు, 1979లో పసిఫిక్ సముద్రం అడుగున ఈ నల్ల పొగగొట్టాలను కళ్లతో చూశారు. ఇట్లాంటి కుప్ప కింద నీళ్లు వచ్చిన దారి పొడుగునా రాయి ముదురు పచ్చగా మారి ఉంటుంది. ఆ పచ్చ రాయి దొరికితే కుప్ప పైన ఎక్కడో ఉండాలి. పొరలు తిరగబడి ఉంటే ఇప్పుడు అది పక్కనో కిందనో ఉండొచ్చు.

ఒమన్‌లో ఉన్నవాళ్లకు ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. సోహార్ నుంచి వాదీ జిజ్జీ వైపు వెళ్తే దిండ్లు పేర్చినట్టుండే లావా ఉంది. నీళ్లలో పొంగిన లావా అట్లా ఉబ్బి గడ్డకడుతుంది. దాని వయసు సుమారు 9 కోట్ల 50 లక్షల ఏళ్లు. ఆ లావాలోనే లసైల్ రాగి గని ఉండేది. 1983 నుంచి నడిచింది. అంతకుముందు వేల ఏళ్ల నుంచి అక్కడ రాగి కరిగించేవారు. పాత కొలుముల చిట్టెం కుప్పలు ఇప్పటికీ ఉన్నాయి.

మన అనంతపురం రామగిరిలో, పక్క రాష్ట్రం కోలార్‌లో కూడా బంగారం పాత లావా రాళ్లలోనే దొరికింది. కానీ అక్కడ రాయి భూమి లోతుల్లో వేడికి, ఒత్తిడికి నలిగి మారింది, ఆ కథ వేరు. కోలార్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటి పోయి 2001లో మూతబడింది.

ఇప్పుడు కంపెనీలు వెతికే పద్ధతి. మొదలు ఆఫీసులో. ఉపగ్రహం ఫోటోల్లో మన కంటికి కనపడని వెలుగు కూడా రికార్డవుతుంది. బంకమన్ను ఖనిజాలు ఒక రకం వెలుగుని మింగేస్తాయి, తుప్పు ఇంకో రకాన్ని. చెట్టూ చేమా లేని ఎడారిలో ఇది బాగా పనికొస్తుంది. తర్వాత వాదీల్లో ఇసుక జల్లించి సంచుల్లో నింపి ల్యాబుకి పంపుతారు. పైన ఎక్కడో లోహం ఉంటే దాని జాడ వాదీ ఇసుకలో దిగి ఉంటుంది. ఏ పాయలో జాడ ఎక్కువుందో చూసుకుంటూ పైకి పోతారు. ఆ తర్వాత గుట్ట మీద గళ్లు గీసినట్టు వరసగా రాయి ముక్కలు, మట్టి తీస్తారు. నేలలోకి కరెంటు పంపి లోపల పైరైట్ లాంటివి ఎక్కడున్నాయో కొలుస్తారు. ఇవన్నీ ఒకే చోటుని చూపిస్తే అప్పుడే డ్రిల్లింగ్. అప్పుడు కూడా చాలా గుట్టల దగ్గర ఏమీ దొరకక రిగ్గు సర్దుకుని వెళ్లిపోతారు. వేడినీళ్లు తిరిగాయంటే లోహం తెచ్చాయని గ్యారంటీ లేదు.

ల్యాబులో రాయిని పొడి చేసి, ముప్పై గ్రాములో యాభై గ్రాములో తూచి, సీసం పదార్థంతో కొలిమిలో కరిగించి బంగారం విడదీస్తారు. మన కంసాలి పుటం పెట్టినట్టే అనుకోండి. రిపోర్టులో టన్నుకి ఇన్ని గ్రాములు అని వస్తుంది. ఇక్కడే అసలు లెక్క ఉంది. టన్నుకి 5 గ్రాములంటే మంచి రాయి కిందే లెక్క. అట్లాంటి రాయి ఒక కిలో మీ చేతిలో ఉంటే అందులో బంగారం 5 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో రెండు వందో వంతు. కంటికి కనపడదు. గని లాభం చూసేది వేల టన్నులు ఆడిస్తేనే. సంచిలో పెట్టుకుని అమ్మేవాడి రాయిలో నిజంగా బంగారం ఉన్నా దానితో ఉంగరం కాదు కదా, ముక్కుపుడక కూడా రాదు.

మరి ఆ మెరిసేది ఏంటి? ఎక్కువసార్లు పైరైట్, లేదంటే కాకిబంగారం. పరీక్ష చాలా తేలిక. సైట్‌లో టైల్స్ ఉంటాయి కదా, పాలిష్ లేని వెనక వైపు ఆ మెరిసే ముక్కతో గట్టిగా గీయండి. పైరైట్ అయితే నల్లటి గీత పడుతుంది. బంగారం అయితే పసుపు గీత. గీటురాయి లాంటిదే. చిన్న ముక్కని సుత్తితో కొడితే బంగారం రేకులా సాగుతుంది, పైరైట్ పొడైపోతుంది. కాకిబంగారం అయితే పొరలు పొరలుగా ఊడుతుంది. "పైరైట్ లోపల కనపడని బంగారం ఉంటుంది" అని అమ్మేవాడు అంటాడు. ఆ మాట కొన్ని గనుల్లో నిజమే, కానీ అది ల్యాబు, ఫ్యాక్టరీ ఉన్నవాడికి పనికొచ్చే నిజం.

నాకైతే పైరైట్ అంటే బంగారం కాదు, కంకర గుర్తొస్తుంది. ఇట్లాంటి మారిన రాయి కంకరలో కలిస్తే కాంక్రీటు మీద తుప్పు మరకలు వస్తాయి, ఉబ్బి పెచ్చులు లేస్తాయి. సుద్దబారిన రాయి అయితే బలమే ఉండదు. లోడు దిగేటప్పుడు తుప్పు చారలు, గోరుకి రాలే రాళ్లు కనపడితే ఫోటో తీసి క్యూసీ వాళ్లకు చూపించండి.

చివరిది, వారాంతంలో మెటల్ డిటెక్టర్ పట్టుకుని గుట్టలెక్కే వాళ్ల కోసం. సౌదీలో నేలకింద ఖనిజాలు ప్రభుత్వానివి. 2021 నుంచి కొత్త గనుల చట్టం అమల్లో ఉంది. వెతకడానికైనా, తవ్వడానికైనా లైసెన్సు ఉండాలి. ఇకామా మీద బతికే మనకు కేసు పడితే రాయి కథ అక్కడితో అయిపోదు, ఉద్యోగం కూడా పోతుంది. పాత తవ్వకాల చోట నేల మధ్యలో నిటారుగా బావుల్లాంటి గుంతలుంటాయి, కంచె ఉండకపోవచ్చు, అంచు రాయి వదులుగా ఉంటుంది. చీకట్లో, పొద్దు వాలాక అటు పోవద్దు. లైసెన్సున్న కంపెనీ డ్రిల్లింగ్ క్యాంపులో హెల్పర్ పని దొరికితే అది వేరే సంగతి. పలుగురాయి ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. గుడ్డ కట్టుకోవడం చాలదు, ధూళి మాస్కు అడిగి తీసుకోండి. కోర్ పెట్టెలో రాయి ముక్కల్ని తీసిన వరసలోనే పెట్టండి, లోతు రాసిన చెక్కముక్కని కదపొద్దు. ఆ వరస తప్పితే ఎన్ని మీటర్ల లోతున ఏముందో చెప్పడం ఎవరి వల్లా కాదు.